వేషము మార్చి తిరిగివచ్చు వ్యాధి
(తీవ్ర లుకేమియా చరిత్రలో ఒక అధ్యాయము)

ఇబ్రహీంపట్నములోని మా కళాశాలలో రక్తకణములను గూర్చి పాఠము చెప్పునప్పుడు, ఏ సంవత్సరమైనను ఎవరో ఒక విద్యార్థి లేచి ఇట్లు అడుగుచుండును: "ఒక కణము ఒకసారి లింఫు కణముగా ఏర్పడిన పిదప మరల వేరొక జాతి కణము కాగలదా, సార్?" కాజాలదని మన పాఠ్యపుస్తకములు చెప్పును. నేనును చాలకాలము అట్లే సమాధానము చెప్పితిని. ఆరోగ్యవంతుని శరీరమునకు ఆ సమాధానము దాదాపుగా సరిపోవును. కాని తీవ్ర లుకేమియా అను రక్తవ్యాధి విషయములో అది అన్నివేళల నిలువదు. చికిత్సతో అణగిపోయిన లుకేమియా కొందరిలో తిరగబెట్టును. అట్లు తిరగబెట్టినవానిలో ఏ కొద్ది సందర్భములలోనో మొదట వచ్చిన కణజాతి గాక వేరొక కణజాతి కనిపించును. వ్యాధి అదియే; వేషము వేరు. ఈ వింతను వైద్యులు ఎట్లు గుర్తించిరో, దానివలన చికిత్స ఎట్లు మారినదో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఈ చరిత్రలో మొదటి మందు మన తెలుగువాని ప్రయోగశాలనుండి వచ్చినదగుటచే ఇది మనకు మరింత దగ్గరిది.

తెల్లని రక్తము

1845లో ఎడింబరోలో జాన్ హ్యూస్ బెన్నెట్, బెర్లినులో రుడాల్ఫ్ విర్కో, ఒకరితో నొకరికి సంబంధము లేకుండ, ఒకే విధమైన రోగమును వర్ణించిరి. మరణించినవారి రక్తమును పరీక్షింపగా అందు తెల్లకణములు మితిమీరి యుండెను. బెన్నెట్ దానిని చీముగా భావించెను. విర్కో అది చీము కాదని, రక్తములో తెల్లకణములే అమితముగా పెరిగినవని గ్రహించి, 1847లో ఆ రోగమునకు 'లుకేమియా' అని పేరు పెట్టెను. గ్రీకు భాషలో దానికి 'తెల్లని రక్తము' అని అర్థము.

పేరు వచ్చినది గాని ఆ కణములు ఎక్కడ పుట్టుచున్నవో తెలియలేదు. ఎముకల లోపలి మజ్జయే రక్తమునకు పుట్టినిల్లని 1868లో ఎర్నెస్ట్ నోయ్‌మన్ తెలిపెను. తరువాతి దశాబ్దములో పాల్ ఎర్లిఖ్ రక్తపు బొట్టును గాజుపలకపై పరచి, ఆరనిచ్చి, రంగులద్ది చూచు పద్ధతిని కనిపెట్టెను. అంతవరకు ఒకే తీరుగా కనిపించిన తెల్లకణములు అప్పుడు వేరువేరు జాతులుగా తేటపడెను. 1900లో ఒట్టో నేగెలీ మజ్జజాతికి చెందిన లేతకణమును లింఫుజాతి లేతకణమునుండి వేరుచేసి చూపెను. నాటినుండి తీవ్ర లుకేమియా రెండు పెద్దశాఖలుగా విభజింపబడినది. ఒకటి లింఫు శాఖ. పిల్లలలో వచ్చు లుకేమియాలలో అధికభాగము ఇదియే. రెండవది మజ్జ శాఖ, అనగా మైలాయిడ్ శాఖ. ఇది పెద్దవారిలో ఎక్కువ.

ఈ విభజన మిక్కిలి ఉపయోగకరమైనది. కాని దీనితోపాటు ఒక నమ్మకము కూడ స్థిరపడినది. ఒక రోగిలో వ్యాధి ఏ శాఖలో పుట్టినదో, కడదాక ఆ శాఖలోనే ఉండునని వైద్యులు తలంచిరి.

చెరువు, తూము, కాలువలు

రక్తము తయారగు తీరును నేను విద్యార్థులకు మా ఊరి పెద్దచెరువుతో పోల్చి చెప్పుదును. చెరువులోని నీరు తూము దాటి పెద్దకాలువలోనికి వచ్చును. పెద్దకాలువ కొంతదూరము పోయి రెండుగా చీలును. ఒక్కొక్క పాయనుండి పిల్లకాలువలు బయలుదేరి మళ్లకు పారును. ఉత్తరపు పాయలో పడిన నీరు ఉత్తరపు మళ్లకే పోవును గాని వెనుకకు పారి దక్షిణపు మడిని తడపదు.

మజ్జలోని మూలకణములు చెరువు వంటివి. వానినుండి వచ్చిన సంతతి కొంతదూరము సాగి రెండు పాయలగును. లింఫు పాయనుండి బి-కణములు, టి-కణములు వచ్చును. ఇవి ప్రతిరక్షకములను తయారుచేసియు, రోగక్రిములు సోకిన కణములను చంపియు మనలను కాపాడును. మజ్జ పాయనుండి ఎఱ్ఱకణములు, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ఫలకికలు, క్రిములను మ్రింగు తెల్లకణములు వచ్చును. తీవ్ర లుకేమియాలో ఒక లేతకణము ఎదుగుట మాని, తనవంటివానినే లెక్కకు మించి పుట్టించును. మజ్జ నిండ అవియే నిండి, మంచికణములకు చోటు లేకపోవును. అందుచే రోగి పాలిపోవును, మాటిమాటికి జ్వరము వచ్చును, చిగుళ్లనుండి రక్తము కారును, చర్మముపై కమిలిన మచ్చలు కనిపించును. మందు లేని కాలములో ఈ వ్యాధి సోకిన పిల్లలు కొద్ది వారములలోనో, కొద్ది నెలలలోనో మరణించెడివారు.

భీమవరము బిడ్డ

ఈ నిస్సహాయస్థితిని మొట్టమొదట కదిలించిన మందుతో డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు ముడివడి యున్నది. ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. మద్రాసు వైద్యకళాశాలలో చదివెను. ఆయన సోదరు లిద్దరు కొద్దిదినముల వ్యవధిలో స్ప్రూ అను జీర్ణవ్యాధికి బలియైరి. 1923లో ఆయన అమెరికాలోని బోస్టను నగరమునకు చేరెను. హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కేతో కలసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించెను. పిమ్మట కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అను పదార్థములపై వారు చేసిన పరిశోధనలు జీవరసాయనశాస్త్రమునకు పునాదిరాళ్లయ్యెను. 1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరులో గల లెడర్లీ ప్రయోగశాలలో చేరి, అచటి పరిశోధనలకు నాయకుడయ్యెను.

అక్కడ ఆయన బృందము చేపట్టిన పనులలో ఫోలిక్ ఆమ్లము ఒకటి. దీని కథకు భారతదేశముతో వేరొక సంబంధము కూడ కలదు. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారములోని ఏదో పదార్థము దానిని పోగొట్టుచున్నదని 1931లో ప్రకటించెను. 1941లో పాలకూర వంటి ఆకునుండి ఒక పదార్థమును వేరుచేసి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. సుబ్బారావు బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ రోగులకు కూడ అది మేలు చేసెను. సోదరులను తీసికొనిపోయిన వ్యాధికి ఆయన ప్రయోగశాలలోనే ఒక మందు లభించినది.

బోస్టనులోని పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అను రోగనిదానశాస్త్రజ్ఞు డుండెను. ఫోలిక్ ఆమ్లమునకు సంబంధించిన పదార్థములను లుకేమియా పిల్లల కిచ్చినప్పుడు వ్యాధి తగ్గుటకు మారుగా వేగము పుంజుకొనుచున్నట్లు ఆయన గమనించెను. నిరాశపడవలసినచోట ఆయనకు ఒక యోచన తట్టెను. ఫోలిక్ ఆమ్లము వ్యాధికి మేత యైనచో, దానిని అందకుండ చేసిన వ్యాధి మాడవలెను గదా! ఫోలిక్ ఆమ్లమువలె కనబడుచు దాని పనిని అడ్డగించు పదార్థములు లెడర్లీలో అప్పటికే తయారగుచుండెను. వానిలో ఒకటి అమైనోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒక హైడ్రాక్సిల్ సమూహమును తీసి ఆ చోట అమైనో సమూహమును ఉంచగా అది ఏర్పడును. తాళముచెవిని పోలిన దొంగచెవి తాళములో ఇరుక్కొని, అసలు చెవిని కూడ పోనీయనట్లు, ఇది కణములోని ఎంజైమును పట్టుకొని విడువదు. డి.ఎన్.ఏ. తయారగుట ఆగిపోవును. త్వరత్వరగా విభజన చెందు లుకేమియా కణమునకే ఆ దెబ్బ గట్టిగా తగులును.

1948 జూనులో ఫార్బర్, ఆయన సహచరులు తమ ఫలితములను ప్రకటించిరి. మందు ఇచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించెను. మంచము పట్టిన పిల్లలు లేచి తిరుగాడిరి. కాని ఆ శాస్త్రజ్ఞులు నిజాయితీపరులు. తమ వ్యాసమునకు పెట్టిన శీర్షికలోనే ఇవి 'తాత్కాలికమైన' ఉపశమనములని వ్రాసిరి. కొన్ని నెలలకు వ్యాధి తిరగబెట్టినది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు, 53 ఏండ్ల వయస్సులో, నిద్రలో మరణించెను. ఆయన అప్పగించిపోయిన పని మిగిలియుండెను. 'తాత్కాలికము' అను ఆ ఒక్క మాటను చెరిపివేయుటయే తరువాతి డెబ్బది ఐదేండ్ల చరిత్ర.

ఆ మాటను చెరుపుటకు జరిగిన కృషి

అమైనోప్టెరిన్ స్థానములో దానికి చుట్టమైన మెథోట్రెక్సేట్ వాడుకలోనికి వచ్చెను. నేటికిని అది మన ఆస్పత్రులలో వాడబడుచున్నది. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచ్చింగ్స్ కనుగొన్న 6-మెర్‌కాప్టోప్యూరిన్ 1953లో వచ్చెను. బిళ్ల గన్నేరు మొక్కనుండి తీసిన విన్‌క్రిస్టిన్ 1960 ప్రాంతములలో తోడయ్యెను. ఒక్కొక్క మందునకు లొంగని కణములు, మందులన్నిటిని కలిపి ఇచ్చినచో తప్పించుకొనుట కష్టమని వైద్యులు గ్రహించిరి. 1962లో మెంఫిస్ నగరమున తెరవబడిన సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందము, మెదడు పొరలలో దాగిన కణములకు సైతము చికిత్స చేసి, లింఫు లుకేమియా పూర్తిగా నయమగు వ్యాధియే అని నిరూపించెను. నేడు సంపన్నదేశములలో ఈ వ్యాధి సోకిన పిల్లలలో పదిమందికి సుమారు తొమ్మిదిమంది బ్రదుకుచున్నారు.

మిగిలిన ఆ ఒక్కరిని గూర్చియే మన కథ.

రెండవసారి చూచినప్పుడు

రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూచుటయే ఆధారమైన కాలములో, తిరగబెట్టిన వ్యాధిలోని కణములు కొంచెము మారినట్లు కనిపించినను వైద్యులు దానిని నిశ్చయముగా చెప్పలేకపోయిరి. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు ఒకే రకపు ప్రతిరక్షకములను కావలసినంత తయారుచేయు మార్గమును చూపిరి. దీనితో కణము పైపొరపై నున్న గుర్తులను ఒక్కొక్కటిగా పట్టుకొనుటకు వీలు కలిగెను. సీడీ-19 అను గుర్తు బి-కణములకు, సీడీ-33 అను గుర్తు మజ్జశాఖ కణములకు ముద్రల వంటివి. పోలీసు యూనిఫారమును చూచి పోలీసని, ఖాకీచొక్కాను చూచి బస్సు కండక్టరని మనము గుర్తించునట్లు, ఈ గుర్తులను చూచి కణజాతిని గుర్తింపవచ్చును.

ఈ పరీక్షలను మొదట ఒకసారి, తిరగబెట్టినప్పుడు మరియొకసారి చేసి పోల్చినప్పుడు అసలు సంగతి బయటపడెను. 1984లో సెయింట్ జూడ్ ఆస్పత్రి వైద్యులు తమ రోగులలో కొద్దిమందికి లుకేమియా ఒక శాఖనుండి రెండవ శాఖకు మారినదని ప్రకటించిరి. లింఫు లుకేమియాకు చికిత్స పొందిన బిడ్డ మజ్జలో ఇప్పుడు మైలాయిడ్ కణములు నిండియుండెను. దీనికి 'శాఖ మార్పు' అని పేరు వచ్చెను. లింఫు నుండి మజ్జ శాఖకు మారుట ఎక్కువ. ఆ దారిలో వెనుకకు వచ్చుట తక్కువ. మొత్తముమీద ఇది అరుదైన సంఘటన.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహము కలుగును. వచ్చినది పాతవ్యాధి యేనా, లేక వేరొక క్రొత్తవ్యాధియా? ఈ సందేహము ఊరక వచ్చినది కాదు. ఎటోపొసైడ్ వంటి కొన్ని కాన్సరు మందులు, మేలు చేయుచునే, కొందరిలో కొన్ని సంవత్సరములకు క్రొత్తగా మైలాయిడ్ లుకేమియాను పుట్టించును. రెంటిని విడదీయుటకు ప్రకృతియే ఒక సాధనము నిచ్చినది. ప్రతి బి-కణము తన ప్రతిరక్షకమును తయారుచేయుటకై సంబంధించిన జన్యువులను ముక్కలు చేసి తనదైన రీతిలో అతికించుకొనును. ఈ అతుకు ఒక కణమునకు, దాని సంతతికి మాత్రమే చెందిన వ్రేలిముద్ర వంటిది. తిరగబెట్టిన మైలాయిడ్ కణములలో మొదటి లింఫు కణముల వ్రేలిముద్రయే ఉన్నచో, దొంగ పాతవాడే, చొక్కా మాత్రము మార్చినాడని తేలును. క్రోమోసోములలోని పాత తప్పు అట్లే నిలిచియున్నను అదియే నిర్ణయము.

కాలువ చీలుచోట గండి

శాఖ మార్పు అందరిలో సమానముగా జరుగదు. 11వ క్రోమోసోముపై నున్న ఒక జన్యువు తెగి వేరొక క్రోమోసోములోని జన్యువుతో అతుకుకొన్న రోగులలో ఇది ఎక్కువ. 1990 దశకపు ఆరంభములో కనుగొనబడిన ఈ జన్యువునకు మొదట ఎమ్ఎల్ఎల్ అని పేరు. ఇప్పుడు కేఎమ్‌టీ-2ఏ అనుచున్నారు. ఏడాది నిండని పసిపిల్లల లుకేమియాలో ఈ దోషము మిక్కుటము. ఈ జన్యువు ఏ కణములో ఏ జన్యువులు పనిచేయవలెనో నిర్దేశించు అధికారి వంటిది. అధికారియే దారితప్పినచో క్రిందివారు ఏ పనిలోనైనను దూరుదురు.

మా చెరువు ఉపమానమునకు మరల వత్తము. పిల్లకాలువలో గండి పడినచో ఆ మడి మాత్రము చెడును. పెద్దకాలువ రెండుగా చీలుచోటనే గండి పడినచో? ఒక పాయకు అడ్డుకట్ట వేసిన నీరు రెండవ పాయలోనికి పొంగిపారును. ఈ జన్యుదోషము అట్టి గండి. చీలికకు ఎగువన నున్న ఆదికణములోనే దోషము ఉండుటచే రెండు పాయలకును దారి తెరచియుండును. కొన్నిటిలో లింఫు కణముగా కొంత ఎదిగినదియే దారి మరలి మజ్జ కణముగా మారును. ఇది అసాధ్యమని ఒకప్పుడు తలంచిరి. 1957లో వాడింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు కణము ఎదుగుటను కొండపైనుండి లోయలలోనికి దొర్లు బంతితో పోల్చెను. బంతి ఒక లోయనుండి వేరొక లోయకు ఎగబ్రాకునా? ఎగబ్రాకునని 2004లో థామస్ గ్రాఫ్ బృందము ప్రయోగపూర్వకముగా చూపెను. ఎలుకల బి-కణములలో ఒకే ఒక్క నియామక ప్రోటీనును ఎక్కువచేయగా అవి క్రిములను మ్రింగు మాక్రోఫేజ్ కణములుగా మారినవి. కణము యొక్క జాతి రాతిలో చెక్కిన శాసనము కాదు. అనుదినము కొన్ని ప్రోటీనులు నిలబెట్టుచున్న ఏర్పాటు.

మందు తెచ్చిన క్రొత్త చిక్కు

ఈ విషయము చాలకాలము నిపుణుల కుతూహలముగానే యుండెను. ఇటీవలి చికిత్సలు దీనిని ఆస్పత్రి వాకిటికి తెచ్చినవి. 2014లో అమెరికాలో అనుమతి పొందిన బ్లినాట్యుమోమాబ్ అను మందు ఒకచేత సీడీ-19ను, మరియొక చేత రోగి టి-కణమును పట్టుకొని రెంటిని కలుపును. 2017లో అనుమతి పొందిన కార్-టి చికిత్సలో రోగి టి-కణములనే బయటికి తీసి, సీడీ-19ను గుర్తించు శక్తి నిచ్చి, తిరిగి ఎక్కింతురు. మనదేశములోనే తయారైన ఇట్టి చికిత్సకు 2023లో అనుమతి లభించినది. ఏ మందుకును లొంగని లింఫు లుకేమియా రోగులు వీనివలన కోలుకొనిరి.

కాని ఈ చికిత్స వెదకునది యూనిఫారమునే. దానిని విప్పివేసినవాడు దీనికి కనిపించడు. కేఎమ్‌టీ-2ఏ దోషము గల రోగులలో కొందరికి, సీడీ-19 పై కార్-టి చికిత్స జరిగిన కొద్దికాలమునకే, సీడీ-19 లేని మైలాయిడ్ లుకేమియా తలయెత్తినదని 2016లో సియాటిల్ నగరపు వైద్యులు ప్రకటించిరి. జన్యుముద్రలు పరీక్షింపగా అది పాతవ్యాధి సంతతియే. మందు ఒక పాయను పూర్తిగా మూసినది. నీరు రెండవ పాయను పట్టినది.

ఇందువలన రోగికి వచ్చు నష్టము మాటల తేడా కాదు. లింఫు లుకేమియాకు విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్లు, ఆస్పరాజినేజ్, మెథోట్రెక్సేట్ ముఖ్యమైనవి. మైలాయిడ్ లుకేమియాకు సైటరబిన్, డానోరుబిసిన్ వంటివి ముఖ్యము. తిరగబెట్టిన వ్యాధిని పాతపేరుతోనే పిలిచి పాతమందే ఇచ్చినచో అమూల్యమైన వారములు వ్యర్థమగును. కావున వ్యాధి తిరిగి వచ్చినదన్న అనుమానము కలిగినప్పుడు మజ్జ పరీక్ష, కణముల పైగుర్తుల పరీక్ష, జన్యుపరీక్ష మరల మొదటినుండి చేయవలెను. "మొదట ఒకసారి చేయించితిమి గదా, మరల సూది ఎందుకు?" అని తల్లిదండ్రులు అడుగుట సహజము. మా ప్రాంతమునుండి హైదరాబాదు ఆస్పత్రులకు బిడ్డను తీసికొనిపోవువారికి ప్రయాణము, కూలి నష్టము, బిడ్డ ఏడుపు అన్నియు భారమే. అయినను ఆ రెండవ సూది అనవసరమైనది కాదు. మొదటి పరీక్ష ఆనాటి వ్యాధిని చెప్పినది. ఈనాటి వ్యాధిని ఈనాటి పరీక్షయే చెప్పవలెను.

గండి పూడ్చుట

ఇప్పుడు శాస్త్రజ్ఞులు పాయలను మూయుటతో ఆగక, గండినే పూడ్చుటకు యత్నించుచున్నారు. దారితప్పిన కేఎమ్‌టీ-2ఏ ప్రోటీను తన పని చేయుటకు మెనిన్ అను వేరొక ప్రోటీను సాయము కావలెను. ఆ రెంటి కలయికను విడదీయు రెవ్యుమెనిబ్ అను మందునకు 2024 నవంబరులో అమెరికాలో అనుమతి లభించెను. ఈ జన్యుదోషముతో తిరగబెట్టిన లేక మందులకు లొంగని తీవ్ర లుకేమియాకు, అది లింఫు శాఖదైనను, మజ్జ శాఖదైనను, దీనిని వాడవచ్చును. ఇందు గమనింపదగిన విశేష మదియే. నూటపాతికేండ్లుగా మనము గీసికొన్న శాఖల గీతను దాటి, వేరును చూచి ఇచ్చు మందు ఇది. ఇదియే సర్వరోగనివారిణి అని చెప్పరాదు. దీనిని కూడ తప్పించుకొను కణములను వైద్యులు అప్పుడే చూచిరి. ఫార్బర్ వాడిన 'తాత్కాలికము' అను మాట ఇంకను పూర్తిగా చెరగలేదు.

సుబ్బారావు, ఫార్బరుల కాలములో ప్రశ్న ఒక్కటే: ఈ కణమును దేనితో మాడ్చవచ్చును? నేడు దానికి రెండవ ప్రశ్న చేరినది: ఈ కణము రేపు ఏమి కాగలదు? మొదటి ప్రశ్నకు ప్రత్యుత్తరము భీమవరమునుండి బయలుదేరిన ఒక పరిశోధకుని బృందమునుండి వచ్చినది. రెండవదానికి ప్రత్యుత్తరము ఏ ఊరినుండి వచ్చునో ఎవరు చెప్పగలరు?

మా తరగతిలో ఆ ప్రశ్న వేసిన విద్యార్థికి ఇప్పుడు నేను చెప్పు సమాధానము మారినది. "సాధారణముగా మారదు. కాని మారగలదు. అది ఎప్పుడు, ఎందుకు మారునో నీవు చదివి మాకు చెప్పుము" అని అతనిని కూర్చుండ బెట్టుచున్నాను.